టీచర్ పనిలో విసుగు ముదరకముందే: దినచర్య మార్చుకునే పద్ధతి, మెట్టు మెట్టుగా

పొద్దున్నే నరసాపురం మాధవాయిపాలెం రేవులో పంటు (జనాన్నీ బళ్లనూ నది దాటించే పెద్ద పడవ) ఎక్కి, సఖినేటిపల్లి వైపు దిగి, అక్కణ్నుంచి ఆటోలో బడికి వెళ్లడం నాకు పదకొండేళ్ల అలవాటు. వశిష్ఠ గోదావరి దాటే ఆ కాసేపూ రోజులో నాకు ఇష్టమైన సమయం. ఒక నవంబరులో పంటు అవతలి ఒడ్డుకు చేరుతుంటే, ఇంకాసేపు నీళ్ల మీదే ఉండిపోతే బాగుండు అనిపించింది. మర్నాడూ అలాగే అనిపించింది. ఆ వారంలోనే తొమ్మిదో తరగతి బి సెక్షన్‌లో ఒకమ్మాయి లేచి సందేహం అడిగితే, "పుస్తకంలో ఉంది, చూసుకో" అన్నాను. అమ్మాయి కూర్చుండిపోయింది. ఆ మాట నేనే అన్నానా అని సాయంత్రం దాకా బాధపడ్డాను. ఇరవై ఏళ్ల సర్వీసులో సందేహం అడిగిన పిల్లని అలా కూర్చోబెట్టడం అదే మొదటిసారి.

సంక్రాంతి సెలవులు వచ్చాయి. నిద్ర తీరింది, పిండివంటలు తిన్నాం, ప్రభల తీర్థానికి వెళ్లాం. బడి తెరిచిన మూడో రోజుకి మళ్లీ అదే నీరసం. అప్పుడు నాకు అర్థమైంది, నాకు కావలసింది ఇంకో వారం సెలవు కాదని. తిరిగి వచ్చాక నేను అడుగుపెట్టే రోజు ఎలా అమరి ఉందో, అది మారాలి. ఆ తర్వాత రెండేళ్లపాటు ఒక్కొక్కటిగా మార్చుకుంటూ వచ్చాను. కొన్ని పనిచేశాయి, కొన్ని చేయలేదు. పనిచేసినవాటిని వరసగా ఇక్కడ రాస్తున్నాను. నేను హైస్కూల్లో సోషల్ చెబుతాను కాబట్టి ఉదాహరణలు ఎక్కువగా అక్కడివే ఉంటాయి. ఎస్‌జీటీలకూ (ప్రాథమిక తరగతులు చెప్పే సెకండరీ గ్రేడ్ టీచర్లకూ) ప్రైవేటు బడుల్లో పనిచేసేవాళ్లకూ తేడా వచ్చే చోట విడిగా చెబుతాను.

ముందు ఇదేమిటో తెలుసుకోవాలి

బర్నవుట్ అనే మాటను ఈ అర్థంలో 1974లో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త వాడారు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణలో దీన్ని వివరంగా నిర్వచించింది. జబ్బుగా కాదు, పనికి సంబంధించిన ఒక పరిస్థితిగా. దానికి మూడు లక్షణాలు చెప్పింది: ఒంట్లో సత్తువ ఇంకిపోవడం, చేసే పని మీద మనసు విరిగిపోవడం, ఎంత చేసినా ఏమీ సాధించడం లేదని అనిపించడం. నాలో ఈ మూడూ కనిపించాయి. మొదటిది మాత్రమే ఉంటే నిద్రతో, సెలవుతో తగ్గుతుంది. మిగతా రెండూ సెలవుతో పోవు, ఎందుకంటే అవి పని లోపలే పుడతాయి.

2011లో కోనసీమ రైతులు సార్వా (ఖరీఫ్ వరి) వేయకుండా క్రాప్ హాలిడే పాటించిన సంగతి మన ప్రాంతంలో అందరికీ గుర్తే. వాళ్లెవరూ ఒళ్లు బరువై చేను వదిలేయలేదు. పెట్టుబడికీ చాకిరీకీ తగ్గ ప్రతిఫలం కనిపించక వదిలేశారు. క్లాసులో ఉన్నా మనసు అక్కడ లేని టీచర్ పరిస్థితి కూడా అంతే. ఆ టీచర్‌ని సోమరి అనడం అన్యాయం. ఈ మాట నాకు నేను చెప్పుకోవడానికే చాలా కాలం పట్టింది, అందుకే ఇక్కడ ముందే రాస్తున్నాను.

ఇంకొక మాట. ఖాళీ పోస్టులు, కిక్కిరిసిన సెక్షన్లు, బోధనతో సంబంధం లేని పనులు టీచర్ దినచర్య మార్చుకుంటే పోయేవి కావు. వాటి గురించి సంఘాల ద్వారా, అధికారుల ద్వారా అడుగుతూనే ఉండాలి. కింద రాసినవన్నీ మన చేతిలో ఉన్న కాస్త జాగా గురించి. అది చిన్నదే. కానీ మనం అనుకున్నంత చిన్నది మాత్రం కాదు.

మొదటి మెట్టు: రెండు వారాలు లెక్క రాయండి

ఏమీ మార్చకండి. ఒక పాత డైరీ తీసుకుని రెండు వారాలపాటు మూడు విషయాలు మాత్రం రాయండి: ఏ పని చేశారు, ఎంతసేపు పట్టింది, అయ్యాక ఒంట్లో సత్తువ పెరిగిందా తగ్గిందా. పెరిగితే ప్లస్, తగ్గితే మైనస్. ఎక్కువ తగ్గితే రెండు మైనస్‌లు. రాత్రి గుర్తు చేసుకుని రాస్తే తప్పులు వస్తాయి. పీరియడ్ అయిన వెంటనే స్టాఫ్‌రూమ్‌కి నడిచే దారిలో రాసేయాలి.

ఈ మెట్టు దాటవేయాలని అందరికీ అనిపిస్తుంది. "నాకేది కష్టమో నాకు తెలీదా?" అని నేనూ అనుకున్నాను. నిజంగానే తెలియలేదు. అల్లరి ఎక్కువని నేను భయపడే తొమ్మిది బి నా డైరీలో దాదాపు ప్రతిసారీ ప్లస్ తెచ్చుకుంది. మధ్యాహ్న భోజనం దగ్గర పిల్లలతో నిలబడే ఇరవై నిమిషాలు కూడా ప్లస్సే. దాన్ని నేను అదనపు డ్యూటీ అని విసుక్కునేదాన్ని.

మైనస్‌లు మూడు చోట్ల గుంపుగా కనిపించాయి. మంగళవారం, గురువారం మధ్యాహ్నం వరసగా పడిన నాలుగు పీరియడ్లు. నోట్సులు దిద్దడం. ఫోన్లో యాప్‌ల పని. ఈ మూడోది రోజుకి మొత్తం నలభై నిమిషాలే. కానీ ఆ నలభై నిమిషాలూ ఏడెనిమిది ముక్కలుగా రోజంతా చెల్లాచెదురై ఉన్నాయి. ఏ పనిలో కూర్చున్నా మధ్యలో లేపేది అదే.

రెండు వారాల తర్వాత డైరీ ముందు పెట్టుకుని, ప్రతి మైనస్ పక్కనా ఇంకో మాట రాయండి. ఒళ్లు అలిసిందా? విసుగొచ్చిందా? నా చేతిలో ఏమీ లేదనిపించిందా? అలసటకు మందు విరామం. విసుగుకు మందు కొత్తదనం. చేతిలో ఏమీ లేదనే బాధకు మందు ఎంత చిన్నదైనా సరే, ఒక నిర్ణయం మన చేతికి రావడం. ఒకదాని మందు ఇంకోదానికి వాడితే ఫలితం ఉండదు. విసుగుతో ఉన్న మనిషి పడుకుని లేస్తే విసుగుతోనే లేస్తాడు.

రెండో మెట్టు: రోజులో గొంతు పనినీ చేతి పనినీ కలిపి అల్లుకోండి

టైమ్‌టేబుల్ హెచ్‌ఎం గారి చేతిలో ఉంటుంది, మనమేం చేయలేం అనుకుంటాం. జూన్ 12న బడి తెరిచిన మొదటి వారంలో అది ఇంకా పెన్సిల్‌తోనే ఉంటుంది. అప్పుడు అడిగితే సులువు, ఆగస్టులో అడిగితే ఎవరికో ఒకరికి ఇబ్బంది. అడిగేటప్పుడు "నాకు కష్టంగా ఉందండీ" అని ఊరుకోకుండా పరిష్కారం చేతిలో పట్టుకుని వెళ్లాలి. నేను హిందీ మేడంతో ముందే మాట్లాడుకున్నాను. ఆవిడకి పొద్దున్న వరసగా మూడు పీరియడ్లు పడ్డాయి, నాకు మధ్యాహ్నం నాలుగు. ఇద్దరం ఒక్కో పీరియడ్ మార్చుకుంటే ఇద్దరికీ మధ్యలో లీజర్ (ఖాళీ పీరియడ్) వస్తుంది. కాగితం మీద గీసి తీసుకెళ్తే మా హెచ్‌ఎం గారు రెండు నిమిషాలు చూసి, "దీనివల్ల ఇంకెవరికీ అడ్డు లేదుగా, అయితే కానివ్వండమ్మా" అన్నారు. పదకొండేళ్లలో నేను అడగనిది అది.

టైమ్‌టేబుల్ మారకపోతే పీరియడ్ లోపలే మార్చుకోవచ్చు. వరసగా నాలుగు పీరియడ్లు ఉన్నాయంటే నాలుగింటిలోనూ నిలబడి మాట్లాడాలని ఎక్కడా లేదు. నేను వాటికి పేర్లు పెట్టుకున్నాను. గొంతు పీరియడ్ అంటే కొత్త పాఠం చెప్పేది. చేతి పీరియడ్ అంటే పిల్లలు మ్యాప్ గీయడం, పట్టిక నింపడం, ప్రశ్నలు తయారుచేయడం. నోటి పీరియడ్ అంటే పిల్లలు మాట్లాడేది: చర్చ, ఒకరికొకరు చెప్పుకోవడం, క్విజ్. ఒక రోజులో రెండు గొంతు పీరియడ్లు పక్కపక్కన రాకుండా చూసుకుంటాను. టెన్త్‌కి కొత్త పాఠం ఉంటే, దాని వెనకే వచ్చే ఎనిమిదో తరగతికి ఆ రోజు చేతి పని. పాఠాలు నాలుగు రోజులు ముందువెనకలవుతాయి, సిలబస్ మాత్రం ఆగదు.

ఒకే పీరియడ్‌లో కూడా మొదటి పదిహేను నిమిషాలు చెప్పడం, ఇరవై నిమిషాలు పిల్లలు చేయడం, చివరి పది నిమిషాలు మాట్లాడించడం అనే పద్ధతి నాకు కుదిరింది. పిల్లలు చేస్తున్నప్పుడు నేను బెంచీల మధ్య తిరుగుతాను, లేదా నిజంగా కూర్చుంటాను. కుర్చీలో కూర్చుంటే పాఠం చెప్పనట్టు అనే భయం మనలో చాలామందికి ఉంది. దాన్ని వదిలించుకోండి.

గొంతు గురించి ఇంకా చెప్పాలి. మన దగ్గర ఏప్రిల్ ఉక్కపోతలో ఫ్యాన్ల చప్పుడు మీదుగా అరుస్తూ చెప్పడంతోనే సగం సత్తువ పోతుంది. పిల్లల్ని నిశ్శబ్దం చేయడానికి గొంతు వాడకండి. ఒక చిన్న గంట కొనుక్కోండి, లేదా చప్పట్ల వరస ఒకటి నేర్పండి: మీరు మూడు కొడితే వాళ్లు రెండు కొట్టి ఆగాలి. వారంలో అలవాటవుతుంది. నీళ్ల సీసా బల్ల మీదే ఉండాలి, బ్యాగులో కాదు. బొంగురు గొంతు మూడు వారాలు దాటితే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించుకోండి.

మూడో మెట్టు: నోట్సుల గుట్ట

నా లెక్క ఇది. నాలుగు సెక్షన్లు, సెక్షన్‌కి 40 మంది, మొత్తం 160 నోట్సులు. ఒక్కోదానికి మూడు నిమిషాలు వేసుకుంటే 480 నిమిషాలు, అంటే ఎనిమిది గంటలు. వారానికోసారి దిద్దాలంటే బడి కాకుండా ఇంకో పని దినం కావాలి. ఆదివారం మధ్యాహ్నం మంచం మీద నోట్సులు పరుచుకుని కూర్చునే టీచర్ల ఇళ్లు నాకు చాలా తెలుసు. మా ఇల్లూ అందులో ఒకటి.

ఇంత చేసి రైట్ టిక్కు, సంతకం, తేదీ. పిల్లలు ఆ టిక్కు చూసి మూసేస్తారు. నేను ఇరవై ఏళ్లు చేసిన పనిలో పిల్లలకు అతి తక్కువ ఉపయోగపడింది, నన్ను అతి ఎక్కువ అలిపించింది ఇదేనని డైరీ చెప్పింది. 1988లో రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు ఇజ్రాయెల్ బడుల్లో చేసిన పరిశీలన ఒకటి నాకు ధైర్యమిచ్చింది. కొందరు పిల్లలకు మార్కులు మాత్రమే ఇచ్చారు, కొందరికి సూచన మాత్రమే రాశారు, కొందరికి రెండూ ఇచ్చారు. సూచన మాత్రమే అందుకున్న పిల్లలు ముందుకెళ్లారు. మార్కు పక్కన సూచన రాస్తే ఆ సూచన వల్ల ప్రయోజనం కనిపించలేదు. అంటే ఎర్ర పెన్ను ఎంతసేపు తిరిగిందన్నది ముఖ్యం కాదు, పిల్లవాడికి ఏం అందిందన్నదే ముఖ్యం.

ఇప్పుడు నేను చేసేది ఇలా ఉంది.

రోజుకి ఒక్క సెక్షన్ నోట్సులే తీసుకుంటాను. సోమవారం ఎనిమిది, మంగళవారం తొమ్మిది ఎ, బుధవారం తొమ్మిది బి, గురువారం పది. శుక్ర, శనివారాలు ఏ నోట్సూ లేదు. నాలుగు గుట్టలూ ఒకేసారి బల్ల మీద కనిపించకపోవడమే సగం టెన్షన్ తగ్గించింది.

ఆ నలభైలో పది మాత్రమే పూర్తిగా చదివి దిద్దుతాను. నాలుగు వారాల్లో అందరి వంతూ వస్తుంది. ఎవరి వంతు ఎప్పుడో పిల్లలకు చెప్పను. మిగతా ముప్పై నోట్సులు తిరగేస్తూ ఒక తెల్లకాగితం మీద తప్పుల్ని మాత్రం రాసుకుంటాను. ఉదాహరణకు పోయిన జూలైలో డెల్టా పాఠం తర్వాత ఆ కాగితం మీద ఉన్నవి: ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వశిష్ఠగా చీలుతుందని రాయకుండా ఐదారు పాయల పేర్లు ఒకేసారి రాసేశారు. వైనతేయ వశిష్ఠ నుంచి చీలుతుందని సగం మందికి తెలియలేదు. 1852లో పూర్తయింది కాటన్ కట్టించిన పాత ఆనకట్ట, ఇప్పుడున్న బ్యారేజీ అంతకు చాలా తర్వాతది అనే తేడా ఎవరూ రాయలేదు. మర్నాడు ఆ కాగితం చదివి, "మీ నోట్సులో ఈ మూడిట్లో ఏది ఉందో మీరే వెతికి దిద్దుకోండి" అంటాను. పది నిమిషాలు క్లాసులో తలలు పైకి లేవవు. నా టిక్కుల కోసం వాళ్లు ఎప్పుడూ అంత శ్రద్ధగా నోట్సు తెరవలేదు.

చిన్న ప్రశ్నలు, ఖాళీలు పూరించడం, జతపరచడం వంటివి జంటలుగా మార్చుకుని వాళ్లే దిద్దుకుంటారు. జవాబులు బోర్డు మీద ఉంటాయి. తీసుకున్న నోట్సులు సాయంత్రానికి తిరిగి ఇచ్చేస్తాను. అవి వశిష్ఠ దాటి మా ఇంటికి రావు.

ఒక జాగ్రత్త. తనిఖీకి వచ్చేవాళ్లు ప్రతి పేజీలో టిక్కు వెతుకుతారనే భయం నాకూ ఉండేది. అందుకే మొదలుపెట్టేముందు హెచ్‌ఎం గారికి చెప్పి, తప్పుల కాగితాలన్నీ తేదీలు వేసి ఒక ఫైల్లో పెట్టాను. తనిఖీ రోజు ఆ ఫైలు చూపించాను. వచ్చినవారు అభ్యంతరం చెప్పలేదు. మీ బడిలో ఒప్పుకోకపోతే ఒక్క సెక్షన్‌తో, ఒక్క నెల అడిగి చూడండి.

నాలుగో మెట్టు: ఫోన్ పనికి గది కట్టండి

హాజరు, భోజనం, ఫొటోలు, ఇంకేవో వివరాలు. ఈ పని పోదు. కానీ దానికి వేళ పెట్టవచ్చు. నేను రోజుకి మూడుసార్లు మాత్రమే చూస్తాను: మొదటి గంట తర్వాత, భోజనాల తర్వాత, చివరి గంటకి ముందు. మా స్టాఫ్‌లో నలుగురం పనులు పంచుకున్నాం. ఒక వారం భోజనం వివరాలు నావి, ఇంకో వారం వేరొకరివి. దీంతో ఒక్కొక్కరికి మూడు వారాలు ఆ తలనొప్పి లేదు.

రాత్రి ఎనిమిది తర్వాత వాట్సాప్ గ్రూప్ మ్యూట్. అత్యవసరమైతే ఫోన్ చేయమని చెప్పాను. నాకు తెలిసిన ఒక బడిలో రాత్రి పదిన్నరకి వివరాలు అడిగి, తెల్లారేసరికి ఎవరు పంపలేదో గ్రూపులో పేర్లు పెట్టేవారు. అలాంటి చోట ఒక్కరే మ్యూట్ చేయడం కష్టం. స్టాఫ్ అంతా కలిసి ఒక వేళ అడగాలి. విద్యాహక్కు చట్టం 2009, 27వ సెక్షన్ ప్రకారం జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప వేరే విద్యేతర పనులకు టీచర్లను పంపకూడదు. ఈ సెక్షన్ నంబరు గుర్తుంచుకోవడం మంచిది.

ఐదో మెట్టు: ఏడాదికొక కొత్త మడి

పైన చెప్పినవన్నీ బరువు తగ్గించేవి. ఇది వేరు. విసుగు, అంటే చేసిందే చేస్తున్నానన్న భావన, పని తగ్గించినంత మాత్రాన పోదు. పీరియడ్లు తగ్గినా పాఠాలు అవే, చెప్పే కథలు అవే అయితే మనసు పైకి లేవదు. ఒక్కోసారి కాస్త పని పెంచుకుంటేనే తేలికవుతుంది.

నేను ఏడాదికి ఒక్క యూనిట్‌ని మాత్రం పూర్తిగా కొత్తగా చెబుతాను. ఒక్కటే. అన్నీ మార్చాలని మొదటి ఏడాది ప్రయత్నించి అక్టోబరుకే చేతులెత్తేశాను, కాబట్టి ఒక్కటే అని గట్టిగా చెబుతున్నాను. మొదట ఎంచుకున్నది చేతివృత్తులు, మార్కెట్ గురించిన పాఠం. మా వైపు ఇంటింటా లేసు అల్లే ఆడవాళ్లు ఉన్నారు. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీల ద్వారా వచ్చిన ఈ పని తరతరాలుగా నరసాపురం చుట్టూ నిలబడింది. పిల్లలు వాళ్ల అమ్మల్ని, నానమ్మల్ని అడిగి రాయాలి: దారం ఎవరు తెచ్చి ఇస్తారు, ఒక చుట్ట అల్లడానికి ఎన్ని గంటలు, ఎంత ఇస్తారు, ఆ లేసు ఎక్కడికి వెళ్తుంది. ఇద్దరు నానమ్మలు క్లాసుకే వచ్చి అల్లి చూపించారు. తొమ్మిది బి అబ్బాయిలు నానమ్మ చెప్పిన గంటలనూ కూలినీ బోర్డు మీద భాగించి, గంటకి ఎంత పడుతుందో తేల్చారు. క్లాసంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. "ఇంతేనా మేడం?" అన్నాడొకడు. ఆ రోజు డైరీలో నేను రాసిన ప్లస్‌లు పక్క పేజీలోకి పోయాయి.

మన డెల్టాలో పాఠం బడి గేటు దగ్గరే మొదలవుతుంది. సోషల్‌కి కాలువ లాకు (నీటి మట్టాన్ని తలుపులతో అదుపు చేసే కట్టడం), పంచాయతీ ఆఫీసు, రేవు. సైన్సుకి చేపల చెరువు, కొబ్బరి తోట, రొయ్యల గుంటల నీటి ఉప్పదనం. లెక్కలకి ఎకరం సెంట్ల కొలతలు, ధాన్యం బస్తాల తూకం. తెలుగుకి ముసలివాళ్ల నోట్లో ఉన్న సామెతలూ పడవ పాటలూ. కానీ నీటి దగ్గరికి పిల్లల్ని తీసుకెళ్లేటప్పుడు తల్లిదండ్రుల అనుమతి రాతపూర్వకంగా ఉండాలి, కనీసం ఇద్దరు పెద్దవాళ్లు తోడుండాలి, లాకు మీదకి ఎవరూ ఎక్కకూడదు. కాలువలు నిండుగా పారే రోజుల్లో వద్దే వద్దు. ఏటా వేసవిలో కాలువలు కట్టేసి పూడిక తీస్తారు కదా, లాకు ఎలా పనిచేస్తుందో చూపించడానికి అదే మంచి సమయం. ఒంటిపూట బడుల రోజుల్లో పొద్దున్న మొదటి పీరియడ్‌లో వెళ్లి రావచ్చు.

కొత్త యూనిట్ అక్కర్లేదనుకుంటే తరగతి మార్చుకోండి. ఏళ్ల తరబడి టెన్త్ చెప్పేవాళ్లు ఒక ఏడాది ఆరో తరగతి అడగవచ్చు. టెన్త్ రిజల్ట్ బాగా తెచ్చే టీచర్లనే టెన్త్‌కి కట్టేస్తారు. మంచి టీచర్లు అలిసిపోవడానికి ఇదొక పెద్ద కారణమని నా నమ్మకం. హెచ్‌ఎంలు ఈ విషయం ఆలోచించాలి.

ఆరో మెట్టు: ఏడాదిని మన వాతావరణంతో కలిపి వేసుకోండి

జూలై, ఆగస్టుల్లో గోదావరికి వరద వస్తే లంక గ్రామాల పిల్లలు రాలేరు. 2022 జూలై వరదల్లో ఎన్ని రోజులు క్లాసు సగం ఖాళీగా ఉందో మా వైపు టీచర్లకు గుర్తుంటుంది. ఆ రోజుల్లో కొత్త పాఠం మొదలుపెట్టి, వాళ్లు తిరిగొచ్చాక మళ్లీ చెప్పి రెండు రెట్లు అలిసిపోవడం కంటే, ఆ వారాలకోసం ముందే ప్రాజెక్టులు, రివిజన్, క్విజ్‌లు పక్కన పెట్టుకోండి. అక్టోబరు, నవంబరు తుఫాన్లకూ ఇదే.

డిసెంబరు నుంచి మార్చి దాకా టెన్త్ ప్రత్యేక తరగతులు. ఇది ఏడాదిలో అతి బరువైన కాలం. కాబట్టి కొత్త ప్రయోగాలన్నీ జూన్ నుంచి నవంబరు లోపలే చేయాలి, ఈ నాలుగు నెలల్లో ఏదీ కొత్తది మొదలుపెట్టకూడదు. మీ సీఎల్‌లలో (క్యాజువల్ లీవుల్లో) కనీసం రెండు జనవరి, ఫిబ్రవరి కోసం మిగుల్చుకోండి. జ్వరం వస్తే పెట్టుకోవడానికి కాదు, జ్వరం రాకముందే ఒక బుధవారం నిద్రపోవడానికి.

చిన్న బడుల్లో, ప్రైవేటు బడుల్లో

ఇద్దరు టీచర్ల ప్రాథమిక పాఠశాలలో మార్చుకోవడానికి పీరియడ్లే ఉండవు. అక్కడ మనుషుల్ని మార్చుకోవచ్చు. పొద్దున్న ఒకరు ఒకటి, రెండు తరగతులు, మధ్యాహ్నం మూడు, నాలుగు, ఐదు. వారం వారం తిప్పుకుంటే ఒకే గదిలో ఒకే పిల్లలతో ఏడాదంతా గడిపే బరువు తగ్గుతుంది. పెద్ద తరగతి పిల్లలు చిన్నవాళ్ల చేత రోజూ ఇరవై నిమిషాలు చదివిస్తే ఇద్దరికీ మేలు, మీకు ఇరవై నిమిషాలు. ఒక్కరే టీచరున్న చోట కాంప్లెక్స్ మీటింగ్ (చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే సమావేశం) ఒక్కటే సాటి టీచర్ ముఖం కనిపించే చోటు. అక్కడ వివరాలు అప్పజెప్పి వచ్చేయకుండా, పక్క బడి వాళ్లతో కలిసి ఒక పాఠమైనా తయారుచేసుకోండి.

ప్రైవేటు బడుల్లో స్టడీ అవర్లు, వారం వారం పరీక్షలు, అడ్మిషన్ల కోసం వేసవిలో ఇంటింటికీ తిరగడం ఉంటాయి. టైమ్‌టేబుల్ అడిగే అవకాశం చాలామందికి ఉండదు. పీరియడ్ లోపలి మార్పు, తప్పుల కాగితం మాత్రం ఎవరి అనుమతీ లేకుండా మొదలుపెట్టవచ్చు. స్టడీ అవర్లో నిలబడి కాపలా కాయడం బదులు పిల్లల్ని జంటలుగా కూర్చోబెట్టి ఒకరినొకరు ప్రశ్నలు అడిగించండి. మీ గొంతుకు విశ్రాంతి.

ఏడో మెట్టు: బడికీ ఇంటికీ మధ్య ఒక రేవు

ఆడ టీచర్లకు సాయంత్రం ఇంకో ఉద్యోగం మొదలవుతుంది. బ్యాగు దించి నేరుగా వంటింట్లోకి. నేను మా ఆయనతో మాట్లాడి రెండు విషయాలు మార్చుకున్నాను: మంగళ, గురువారాలు రాత్రి వంట ఆయనది, ఎందుకంటే నా బరువైన రోజులు అవే. ఇంటికి చేరాక పదిహేను నిమిషాలు నన్ను ఎవరూ ఏమీ అడగరు. పంటు మీద ఫోన్ తీయను, నీళ్లనే చూస్తాను. మీకు పంటు లేకపోతే కాలువ గట్టు మీద బండి ఆపి ఐదు నిమిషాలు నిలబడినా చాలు.

ఇవన్నీ చేసినా తగ్గకపోతే

రెండు వారాలకు పైగా నిద్ర పట్టకపోవడం, ఆకలి చచ్చిపోవడం, బడిలోనే కాదు ఇంట్లో పిల్లలతో కూడా ఏ సంతోషమూ లేకపోవడం, బతకడం ఎందుకు అనిపించడం ఉంటే అది దినచర్యతో సరిచేసే విషయం కాదు. డిప్రెషన్ అయి ఉండవచ్చు. డాక్టరు దగ్గరికి వెళ్లాలి. 14416 నంబరుకి ఫోన్ చేస్తే టెలీ మానస్ అనే ప్రభుత్వ సేవలో ఏ వేళలోనైనా, తెలుగులోనే ఉచితంగా మాట్లాడవచ్చు. నాతో పనిచేసిన ఒకరు ఇలా ఫోన్ చేశారు, తర్వాత మందులు వాడారు, ఇప్పుడు బడిలో ఉన్నారు. ఆయన ఆలస్యం చేయలేదు, అదే మంచిదైంది.

చివరి మెట్టు: డైరీ మళ్లీ తెరవండి

మార్పులు మొదలుపెట్టిన మూడు నెలలకు మళ్లీ రెండు వారాలు అదే లెక్క రాయండి. నా రెండో డైరీలో నోట్సులకు వారానికి మూడు గంటల చిల్లర పట్టింది. మంగళవారం మధ్యాహ్నం ఇంకా మైనస్సే, కానీ రెండు మైనస్‌లు ఒకటయ్యాయి. ఫోన్ పని అంత తగ్గలేదు. ముక్కలు ఏడెనిమిది నుంచి నాలుగయ్యాయి, అంతే. ప్రతి శనివారం స్టాఫ్ అంతా కలిసి ఒక పాఠం గురించి మాట్లాడుకుందామని మొదలుపెట్టింది మూడు వారాలకే ఆగిపోయింది. అందరూ ఇంటికి వెళ్లాలి, బస్సు వేళలు వేరు. దాన్ని ఈసారి భోజనాల వేళకి మార్చి చూద్దామనుకుంటున్నాం. జూన్‌లో నేను ఆరో తరగతి అడిగాను, ఇచ్చారు. ఇంకా విప్పని కొత్త పుస్తకాల కట్టలు స్టాఫ్‌రూమ్ మూలన ఉన్నాయి. అందులో మొదటి పాఠాన్ని ఎలా మొదలుపెట్టాలో ఇంకా తేలలేదు. పంటు మీద ఆలోచిస్తున్నాను.